ట్యాంకరు రాకముందు

మౌలాలి కమాన్ దాటినంక
ఫంక్షన్ హాలు మీది అంతస్తుల మాకు ట్రైనింగు.
నిన్నటి పెండ్లి పూలు ఇంకా ఊడ్వలే.
పదిహేడుమందిమి ఆయాలం, ఇద్దరు వ్యాన్ డ్రైవర్లు.
టిఫిన్ ఉంటదని
వాచ్‌మన్ కిష్టయ్య కూడా వచ్చి కూసున్నడు.

సబీహా మేడమ్ నా కండ్లకు చున్నీ కట్టింది.
పక్కనున్న శకుంతల చేతికి ఉప్మా గిన్నె ఇచ్చి
"తినిపియ్యి. మాట్లాడకు" అన్నది.

చెంచా ఎప్పుడొస్తదో తెల్వదు.
కాల్తదో సల్లగుంటదో తెల్వదు.
రెండో బుక్క మింగకముందే
మూడోది పండ్లకు తగిలింది.
ఆమె చెయ్యి నూకేసిన.
ఉప్మా ఎగిరి కిష్టయ్య అంగీ మీద పడ్డది.

అందరు నవ్విన్రు.
చున్నీ తీసేసరికి మేడమ్ బోర్డు మీద రాస్తున్నది:
"నర్సుబాయి. నలభై నాలుగేండ్లు.
తినిపిస్తుంటే కొడ్తది. మొండి."

అది నా పేరేనా అని
రెండుసార్లు సదువుకున్న.

ఆ వారం తలా ఒక నోటుబుక్కు ఇచ్చిన్రు.
పేజీకి మూడు గడులు:
ముందు ఏమైంది, పిల్లగాడు ఏం జేసిండు,
తర్వాత ఏమైంది.

నా పిల్లగాడు ఉపేందర్.
తొమ్మిదేండ్లు. మాట రాదు.
గుప్పిట్ల ఎప్పుడూ ఒక తుప్పువట్టిన తాళంచెవి.

నడిమి గడి జల్దీ నిండింది.
కొరికిండు. కొరికిండు. తల గోడకు కొట్టుకున్నడు. కొరికిండు.
మూడో గడి: ఒర్లిన. రెక్క వట్టి గుంజిన.
ఇది గూడ రాయాల్నా మేడమ్ అంటే
అదే రాయాలె అన్నది.
మొదటి గడిల "ఊకెనే" అని రాసిన.
ఊకెనే, ఊకెనే, పేజీ కిందిదాంక.
మేడమ్ ఆ మాట కింద గీత గీసింది,
ఎర్ర పెన్నుతోని కాదు, పెన్సిల్‌తోని.

ఒక మంగళారం నీళ్ల ట్యాంకరు రాలే.
కింద అపార్ట్‌మెంటోళ్లు డబ్బాలు వట్టుకొని ఒకటే లొల్లి.
ఉపేందర్ నా కొంగు అంచును
వేళ్ల నడుమ జరుపుకుంట కూసున్నడు,
అన్నం తిన్నడు, నా తొడ మీదనే పండుకున్నడు.
ఏం రాయాల్నో తెల్వక
మొదటి గడిల "నీళ్లు రాలే" అని రాసిన.

శుక్రారం చెవులు రిక్కించి కూసున్న.
నాకింకా ఏం ఇనవడలే,
పిల్లగాడు తాళంచెవిని గట్టిగ వట్టుకున్నడు.
తర్వాత, చానా తర్వాత,
కిరాణం మూలమీద రివర్స్ గేరు పడ్డది:
టీం టీం టీం టీం.
వాడు నా దిక్కు చూసిండు.
ఇన్నొద్దులు వాని పండ్లే చూసిన నేను,
కండ్లు చూడలే.

డ్రైవర్ మహబూబ్‌కు చాయ తాపించి అడిగిన,
లాలాపేట దాటంగనే ఒక మిస్డ్ కాల్ ఇయ్యి బిడ్డా అని.
ఇప్పుడు ఫోను మోగితే
ట్యాంకరు బొమ్మ ఉన్న అట్టముక్క వానికి చూపిస్త,
ఇద్దరం ఎన్క అర్రకు పోతం, ఫ్యాన్ పెద్దగ తిప్పుకుంటం.
మొన్న మల్ల కొరికిండు.
ముందు: ఫోను చార్జింగుల పెట్టి మర్చిపోయిన.
తర్వాత: సారీ చెప్పిన. ఇనిండో లేదో.

కుషాయిగూడ రేకుల ఇంట్ల
నాకొక తమ్ముడుండె, పోశెట్టి.
మాట రాకుండె.
పొద్దుమాపు ఒర్లుతడని
అమ్మ వాణ్ణి మంచం కోడుకు కట్టేసి పనికి వోయేది.
ముడి ఇప్పొద్దని నాకు చెప్పేది, నేను ఇప్పలే.
ఆరేండ్లకే పోయిండు.
మా ఇంటెన్క పిండిగిర్ని ఉండేదని
నిన్న బస్సుల నిలవడ్డప్పుడు యాదికొచ్చింది.

నోటుబుక్కు ఆఖరి పేజీల వాని పేరు రాసుకున్న.
పెన్సిల్ మొదటి గడి మీదనే ఆగింది.

ఫోను ఒక్కసారి మోగి ఊకున్నది.
లేస్తున్న.
అట్టముక్క యాడ వెట్టిన్నో.